ఫ్రాంక్ స్ప్రేగ్

ఫ్రాంక్ స్ప్రేగ్ 1857లో అమెరికా దేశమందలి మిల్ఫర్డు పట్టణమున జన్మించెను. బాల్యముననే తల్లి మరణింపగా మేనత్త యతనిని పెంచెను. అతడు అన్నాపోలిస్ నౌకాదళ విద్యాలయమున 1878లో పట్టభద్రుడై, నౌకాదళమున కొలువు చేయుచు విద్యుచ్ఛక్తిని గూర్చి పరిశోధించెను. 1883లో ఆ కొలువు విడిచెను.

1887లో రిచ్‌మండు నగరమున ట్రాము బండ్లను విద్యుచ్ఛక్తితో నడుపుటకు స్ప్రేగ్ ఒప్పుకొనెను. దారి 12 మైళ్ళు, బండ్లు 40, గడువు 90 దినములు. బండ్లు చక్కగా నడచిననే సొమ్ము ముట్టును. ఇంతలో అతనికి టైఫాయిడు జ్వరము సోకెను. ఎత్తైన మిట్టలపై మోటారులు చెడిపోవుచుండెను. గడువు దాటెను, నష్టము వాటిల్లెను. అయినను అతడు పని విడువక, 1888 ఫిబ్రవరిలో బండ్లను నడిపి చూపెను. అది చూచి పెక్కు నగరములు గుఱ్ఱపు ట్రాములను మానుకొనెను.

పిమ్మట, మోటారులు గల పెక్కు పెట్టెలను ఒక్కచోటినుండియే నడుపు పద్ధతిని అతడు కనిపెట్టెను. అది యెంత సులభమో చూపుటకై, 1897లో ఆరు పెట్టెల రైలును తన 10 ఏండ్ల కుమారునిచే నడిపించెను. 1925లో బొంబాయిలో ప్రారంభమైన విద్యుత్ రైళ్ళు ఈ పద్ధతివే.

1934లో స్ప్రేగ్ కీర్తిశేషుడయ్యెను. నష్టమునకు వెఱవక ఇచ్చిన మాటను నిలుపుకొనుటయే అతని ఘనత.