వేలూరు డాక్టరమ్మ ఐడా స్కడ్డర్

తిరుపతిలోనో చిత్తూరులోనో రోగం అంతుపట్టకపోతే ఇంట్లో పెద్దలు చెప్పేది ఒకటే, వేలూరుకు తీసుకుపొమ్మని. పాత చీటీల సంచి ఒళ్లో పెట్టుకుని సీఎంసీ వరండాల్లో కూర్చునేవారిలో మన ప్రాంతపు స్త్రీలు ఎందరో. వారిలో చాలామంది అంతకుముందు విన్న జవాబులు ఇంచుమించు ఒకటే: గ్యాసు, నీరసం, టెన్షన్, వయసు ప్రభావం. నొప్పి ఉందని ఆమె అంటుంది, ఏమీ లేదని డాక్టరు అంటాడు. ఇంట్లోనూ ఆయన మాటకే విలువ. స్త్రీ బాధను పట్టించుకునే వైద్యం లేకపోవడం వల్లనే ఆ ఆసుపత్రి పుట్టిందన్న సంగతి మాత్రం మనలో కొందరికే తెలుసు.

ఐడా సోఫియా స్కడ్డర్ 1870 డిసెంబరు 9న రాణిపేటలో పుట్టారు. అప్పట్లో వేలూరు, రాణిపేట, చిత్తూరు అన్నీ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. చిత్తూరే దానికి ముఖ్యపట్టణం. మన జిల్లా వేరయింది 1911లో. ఆమె తాత జాన్ స్కడ్డర్ 1819లో అమెరికా నుండి బయలుదేరిన వైద్య మిషనరీ. తండ్రీ డాక్టరే. అయినా ఐడాకు ఈ సేవ మీద మనసు లేదు. చిన్ననాడే కరువును, ఆకలిని చూసిన ఆమె అమెరికాలో చదువుకుని అక్కడే స్థిరపడాలనుకున్నారు. తల్లి జబ్బు పడటంతో 1890లో తిండివనం వచ్చారు, కొద్దికాలం ఉండి తిరిగి వెళ్లిపోదామని.

అక్కడే ఆ రాత్రి వచ్చింది. ఒక బ్రాహ్మణ యువకుడు తలుపు తట్టాడు. భార్యకు కాన్పు కష్టమైంది, వచ్చి చూడమని వేడుకున్నాడు. తాను డాక్టరు కానని, నాన్నగారు వస్తారని ఐడా చెప్పారు. పరపురుషుడు తన భార్యను చూడటం కుదరదని అతడు వెళ్లిపోయాడు. కాసేపటికి ఒక ముస్లిం వచ్చాడు. అదే అభ్యర్థన, అదే నిరాకరణ. తరువాత మూడో మనిషి. అతడూ అంతే. ఐడా నిద్రపోలేదు. తెల్లవారేసరికి ఊరిలో చావు డప్పు వినబడింది. కబురు కనుక్కుంటే ముగ్గురు తల్లులూ చనిపోయారు.

ఈ సంగతిని ప్రసంగాలలో చెప్పేటప్పుడు తప్పంతా ఆ భర్తల మీదికి నెట్టడం మనకు అలవాటు. నాకది సగం సత్యమే అనిపిస్తుంది. ఆ తలుపు దగ్గర ఒక డాక్టరమ్మ నిలబడి ఉంటే ఆ ముగ్గురూ ఆమెను వెంటబెట్టుకుని పోయేవారే కదా! డాక్టరమ్మ ఎందుకు లేదు? మద్రాసు వైద్య కళాశాల 1875లోనే నలుగురు స్త్రీలను చేర్చుకున్నా, అలాంటివారు తిండివనం వంటి ఊళ్లకు చేరలేదు. అమెరికాలోనూ పెద్ద వైద్య కళాశాలలు ఎన్నో స్త్రీలకు తలుపులు మూసే ఉంచాయి. ఐడా మొదట ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చేరి, స్త్రీలకు ప్రవేశం దొరకగానే కార్నెల్‌కు మారి, 1899లో అక్కడ పట్టా పుచ్చుకున్నారు. స్త్రీ రోగిగా వచ్చినా లెక్కలేదు, డాక్టరుగా వస్తానన్నా లెక్కలేదు. రెండింటికీ వేరు ఒక్కటే.

న్యూయార్కు బ్యాంకరు షెల్ తన భార్య జ్ఞాపకార్థం 10,000 డాలర్లు ఇచ్చాడు. 1900లో వేలూరులో ఒక్క పడకతో మొదలైన పని 1902లో 40 పడకల మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి అయింది. ఐడా మోటారుకారులో గుడియాత్తం దారి పట్టి, చెట్ల కింద ఆగి రోగులను చూసేవారు.

ఒక్క డాక్టరమ్మ ఎంతమంది గోడు వినగలదు? అందుకే ఆడపిల్లలకు వైద్య పాఠశాల పెడతానన్నారు. మద్రాసు ప్రభుత్వ వైద్యాధికారి కర్నల్ బ్రైసన్‌కు నమ్మకం కుదరలేదు. ఆరుగురు దరఖాస్తు చేస్తే మొదలుపెట్టమన్నారు. వచ్చినవి 151! 1918లో పాఠశాల తెరిచారు. మగపిల్లలే అయిదుగురిలో ఒకరు నెగ్గుతున్నారు, నిరాశపడవద్దని ఆయన ముందే ఓదార్చారు. పరీక్షకు కూర్చున్న 14 మంది అమ్మాయిలూ నెగ్గారు.

మార్కు సువార్తలో పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ ఉంది. అనేకమంది వైద్యుల దగ్గరికి తిరిగి, ఉన్నదంతా ఖర్చుపెట్టి, ఇంకా చెడిపోయిందని మార్కు రాశాడు. లూకా తానే వైద్యుడు. ఆ చెడిపోయిన మాటను మాత్రం ఆయన వదిలేశాడు! ప్రభువు యాయీరు ఇంటికి త్వరగా పోవలసి ఉన్నా ఆగి, ఆమె తన సంగతి అంతా చెప్పేవరకు విన్నాడు. మన రోజుల్లో ఓపీలో ఒక్కొక్కరికి దొరికేది రెండు నిమిషాలే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. నీరసమని తోసిపుచ్చేది చాలాసార్లు అదే. గుండెపోటు స్త్రీలలో ఛాతీనొప్పితోపాటు ఆయాసం, వాంతి, దవడనొప్పి, వీపునొప్పిగా కూడా కనబడవచ్చు. గ్యాసు మాత్రతో ఇంటికి పంపితే అది ప్రాణం మీదికి వస్తుంది. గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ పదిమందిలో సుమారు ఒకరికి ఉంటుందంటారు. బహిష్టునొప్పి అందరికీ ఉండేదేనన్న మాటతో ఏళ్లకేళ్లు గడిచిపోతాయి. సంఘపెద్దలమూ ఇందుకు మినహాయింపు కాము. హన్నా పెదవులు కదపడం చూసి తాగిందనుకున్నది మందిరంలోని యాజకుడే కదా.

1930లలో ప్రభుత్వం డిప్లొమా చదువులు చాలవని, ఎంబీబీఎస్ ఉండాలని నిబంధన పెట్టినప్పుడు వేలూరు పాఠశాల మూతపడేలా ఉంది. డెబ్బై ఏళ్ల వయసులో ఐడా అమెరికా అంతా తిరిగి డబ్బు కూడబెట్టారు. 1942లో మద్రాసు విశ్వవిద్యాలయం గుర్తింపు దొరికింది. 1947లో మగపిల్లలనూ చేర్చుకున్నారు. ఆ ఏడాదే సంస్థ పగ్గాలు పట్టిన తొలి భారతీయురాలు మన విశాఖపట్నపు బిడ్డ, కాన్పుల వైద్యంలో పేరుపొందిన డాక్టర్ హిల్డా లాజరస్. ఐడా కొడైకెనాల్‌లో విశ్రాంత జీవితం గడిపి 1960 మేలో ప్రభువునందు నిద్రించారు. ఆమె వివాహం చేసుకోలేదు.