అగస్టీను జీవితము – కృపాధారము
ధ్యానమునకు: రోమా 5:12–21

అగస్టీను క్రీ.శ. 354లో ఉత్తర ఆఫ్రికాలోని తగస్తె పట్టణమున జన్మించెను. యౌవనమున అతడు దారి తప్పగా, తల్లి మోనికా కన్నీటితో ప్రార్థించుచుండెను. 386లో మిలాను పట్టణమున రోమా పత్రిక 13వ అధ్యాయము చదివి మారుమనస్సు పొందెను. మరుసటి యేట బాప్తిస్మము పొందెను. తరువాత హిప్పో సంఘమునకు బిషప్పాయెను.

ఆ దినములలో పెలాగియ అను బోధకుడు, ఆదాము పాపము మనకు అంటలేదనియు, మనుష్యుడు స్వప్రయత్నముచేత నీతిమంతుడు కాగలడనియు బోధించెను. అగస్టీను దీని నెదిరించి, జన్మపాపమునకు రోమా 5:12ను ఆధారముగా చూపెను. 1546లో కథోలిక సంఘపు త్రెంతు సభయు ఈ వచనమునే చేపట్టెను.

అగస్టీను చదివిన లాటిను ప్రతిలో, అందరు ఆదామునందే పాపము చేసిరను భావము కలదు. మన తెలుగు బైబిలు గ్రీకు మూలము ననుసరించి, అందరు పాపము చేసినందున మరణము వచ్చెనని చెప్పుచున్నది. ఆ మాట భేదించినను బోధ కూలిపోదు. 19వ వచనమును, కీర్తన 51:5ను చదివి చూడుడి.

తండ్రి చేసిన అప్పు బిడ్డలమీద పడుట మన భావనపాడు తీరమున ఎరుగనివారెవరు? ఆదాము అప్పు మన కష్టార్జితముతో తీరునది కాదు, క్రీస్తే తీర్చెను.

430లో శత్రువులు హిప్పోను ముట్టడించియుండగా, అగస్టీను దావీదు పశ్చాత్తాప కీర్తనలను పడకయెదుట గోడకు పెట్టించుకొని, కన్నీటితో చదువుచు కన్నుమూసెను. అన్నియేండ్లు సేవచేసిన బిషప్పు కడకు కృపనే వేడుకొనెను. మనమును అట్లే వేడుకొందము.