మైకేల్ ఫారడే

మైకేల్ ఫారడే (సెప్టెంబరు 22, 1791 - ఆగష్టు 25, 1867) ఇంగ్లాండు దేశానికి చెందిన భౌతిక, రసాయన శాస్త్రవేత్త. విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నవాడిగా సుప్రసిద్ధుడు. ఒకదానికొకటి ఏమాత్రం తగలని రెండు తీగచుట్టల మధ్య విద్యుచ్ఛక్తి ప్రసరించగలదని ఇతడు 1831లో ప్రయోగం ద్వారా నిరూపించాడు. వీధి చివరనుండే ట్రాన్స్‌ఫార్మరు మొదలుకొని సెల్‌ఫోను ఛార్జరు వరకు ఈ సూత్రం మీదనే పనిచేస్తాయి.

బాల్యం

ఫారడే లండన్ సమీపంలోని న్యూవింగ్టన్ బట్స్ అనే చోట ఒక పేద కుటుంబంలో జన్మించాడు. తండ్రి జేమ్స్ కమ్మరి. చదవటం, వ్రాయటం, కొద్దిపాటి లెక్కలు తప్ప మైకేల్‌కు బడిలో అబ్బిన చదువు లేదు. 1805లో, పద్నాలుగేళ్ళ వయసులో, జార్జి రీబో అనే పుస్తక విక్రేత వద్ద బైండింగు పని నేర్చుకోవడానికి చేరి ఏడేళ్ళు పనిచేశాడు. బైండింగుకు వచ్చిన పుస్తకాలను కుట్టడమే కాక చదివేవాడు కూడా. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలోని విద్యుత్తు వ్యాసం, జేన్ మార్సెట్ రచించిన రసాయన శాస్త్ర గ్రంథం అతనికి విజ్ఞానశాస్త్రంపై ఆసక్తి కలిగించాయి.

డేవీ వద్ద

1812లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సర్ హంఫ్రీ డేవీ ఇచ్చిన ఉపన్యాసాలు నాలుగింటిని ఫారడే విన్నాడు. తాను వ్రాసుకొన్న విషయాలను చక్కగా బైండు చేసి డేవీకి పంపాడు. నేర్చిన వృత్తి ఆ విధంగా అక్కరకు వచ్చింది. 1813 మార్చి 1న ప్రయోగశాలలో సహాయకుడిగా నియమితుడయ్యాడు. వారానికి 25 షిల్లింగుల జీతం, ఉండటానికి పై అంతస్తులో రెండు గదులు ఇచ్చారు. అదే సంవత్సరం డేవీ దంపతులతో ఐరోపా యాత్రకు వెళ్ళి, సహాయకుడిగానే కాక సేవకుడిగా కూడా పనిచేయవలసి వచ్చింది.

1821లో, విద్యుత్ ప్రవహిస్తున్న తీగ అయస్కాంతం చుట్టూ తిరిగే ఏర్పాటును ఫారడే రూపొందించాడు. విద్యుత్ మోటారుకు ఇదే ఆద్యం. అయితే అదే విషయంపై అంతకుముందు ఆలోచించిన వొలాస్టన్ పేరును తన వ్యాసంలో పేర్కొనకపోవడంతో, అతని ఆలోచనను అపహరించాడన్న అపవాదు వచ్చింది. 1824లో ఫారడే రాయల్ సొసైటీకి ఎన్నికైనప్పుడు దాని అధ్యక్షుడిగా ఉన్న డేవీయే వ్యతిరేకించాడు. ఈ అనుభవం వలన కాబోలు, తరువాతి కాలంలో తన పరిశోధనలకు తేదీలు వేసి భద్రపరచుకోవడంలో ఫారడే ఎంతో జాగ్రత్త వహించాడు.

ఇనుప వలయం

విద్యుత్తు అయస్కాంతత్వాన్ని కలిగించగలదని 1820లో అయిర్‌స్టెడ్ చూపాడు. అయస్కాంతత్వం నుండి విద్యుత్తును పొందడం ఎలాగన్నది ఆ తరువాత మిగిలిన ప్రశ్న. 1825లో ఫారడే రెండు తీగలను మధ్య కాగితం అడ్డుపెట్టి ప్రక్కప్రక్కన ఉంచి, ఒకదానిలో విద్యుత్తు ప్రవహింపజేశాడు. రెండవదానిలో ఏమీ కనిపించలేదు. నిలకడగా ప్రవహించే విద్యుత్తుకు నిలకడైన ఫలితం ఉండాలన్నది ఆనాటి వారందరి భావన.

1831 ఆగష్టు 29న మళ్ళీ ప్రయత్నించాడు. ఆరు అంగుళాల వ్యాసం గల మెత్తని ఇనుప వలయానికి ఒక సగంలో 24 అడుగుల చొప్పున మూడు రాగితీగలు, రెండవ సగంలో రెండు ముక్కలుగా సుమారు 60 అడుగుల తీగ చుట్టాడు. ఇప్పటివలె ఎనామెలు పూసిన తీగలు అప్పుడు లేవు గనుక చుట్టుకూ చుట్టుకూ మధ్య దారం, పొరకూ పొరకూ మధ్య నూలు గుడ్డ ఉంచాడు. రెండవ చుట్ట కొనలను కలిపే తీగను మూడడుగుల దూరంలోని అయస్కాంత సూచి మీదుగా పోనిచ్చాడు. మొదటి చుట్టను బ్యాటరీకి కలిపిన క్షణంలో సూచి కదిలి, ఊగి, మళ్ళీ యథాస్థానానికి వచ్చింది. ప్రవాహం కొనసాగుతున్నంతసేపూ నిశ్చలంగా ఉండి, బ్యాటరీని తొలగించగానే మరల కదిలింది.

గమనించవలసిన విషయం ఆ క్షణికత్వమే. గుడ్డను దాటి విద్యుత్ ప్రవాహం పోలేదు. ఇనుములోని అయస్కాంతత్వం మారినప్పుడు మాత్రమే రెండవ చుట్టలో విద్యుత్తు పుట్టింది. అక్టోబరు 17న తీగచుట్టలోకి అయస్కాంతాన్ని జొప్పించి, అదే నెల 28న అయస్కాంత ధ్రువాల మధ్య రాగి పళ్ళాన్ని త్రిప్పి కూడా విద్యుత్తు పుట్టించాడు. ఈ రెండవది మొదటి జనరేటరు. నవంబరు 24న ఈ ఫలితాలను రాయల్ సొసైటీకి నివేదించాడు.

ఈ విషయాన్ని క్లుప్తంగా తెలుపుతూ ఫారడే వ్రాసిన లేఖను డిసెంబరులో పారిస్‌లో చదివారు. అది తెలిసి ఇటలీలో నోబిలీ, ఆంటినోరీలు ప్రయోగాలు చేసి వ్యాసం ప్రచురించారు. ఆ పత్రికపై 1831 నవంబరు అని ముద్రించి ఉండటంతో వారే ముందు కనుగొన్నారని కొందరు పొరబడ్డారు. ఇది ఫారడేను బాగా నొప్పించింది. అమెరికాలో జోసెఫ్ హెన్రీ మాత్రం స్వతంత్రంగానే ప్రేరణను గమనించాడు, కాని 1832 వరకు ప్రచురించలేదు.

నేటి వినియోగం

1885లో బుడాపెస్టులోని గాంజ్ కర్మాగారంలో జిపెర్నోవ్‌స్కీ, బ్లాతీ, డేరీ నిర్మించిన ట్రాన్స్‌ఫార్మర్లలో వలయాకారపు ఇనుప కోరు మళ్ళీ కనిపిస్తుంది. దిశ మారుతూ ఉండే ఏకాంతర విద్యుత్తు వాడటం వలన ఫారడే చూసిన క్షణికమైన కదలిక ఎడతెగనిదయింది.

సెల్‌ఫోను ఛార్జరు 230 వోల్టుల సరఫరాను మొదట ఏకముఖ విద్యుత్తుగా మార్చి, సెకనుకు వేలాది సార్లు తెంచి కలుపుతూ చిన్న ట్రాన్స్‌ఫార్మరుకు ఇస్తుంది. అవతలి చుట్టకు సరఫరా తీగలతో సంబంధం లేదు కనుక, దానిని తాకిన మనిషి ద్వారా భూమికి ప్రమాదకరమైన విద్యుత్తు పోదు. ఈ రెంటి మధ్యనున్న పొర నాసిరకమైతే 230 వోల్టులు నేరుగా చేతికి వస్తాయి. రోగి శరీరానికి తగిలించే వైద్య పరికరాలలో ఈ నియమాలు మరింత కఠినంగా ఉంటాయి. అయినా ఆ పొర సంపూర్ణం కాదు. రెండు వైపుల మధ్య ఉండే కొద్దిపాటి కెపాసిటెన్సు గుండా అతి స్వల్ప విద్యుత్తు కారుతుంది. ఛార్జింగులో ఉన్న లోహపు పరికరాన్ని తాకినప్పుడు వేళ్ళకు కలిగే జలదరింపుకు తరచు ఇదే కారణం. కెపాసిటెన్సు ప్రమాణమైన ఫారడ్‌కు ఆ పేరు ఫారడే నుండే వచ్చింది.

ఇతర పరిశోధనలు, చివరి దశ

ఫారడే 1825లో బెంజీనును కనుగొన్నాడు. 1833-34లో విద్యుద్విశ్లేషణ నియమాలను ప్రకటించాడు. గణితం రాకపోయినా బలరేఖలనే ఊహతో ఇతడు వివరించినదానిని తరువాత మాక్స్‌వెల్ సమీకరణాలుగా మలిచాడు. ఫారడే నైట్ బిరుదును, రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని నిరాకరించాడు. చివరి సంవత్సరాలలో జ్ఞాపకశక్తి క్షీణించింది. 1858 నుండి హాంప్టన్ కోర్టులో విక్టోరియా రాణి ఇచ్చిన ఇంటిలో నివసించి, 1867లో అక్కడే మరణించాడు. లండన్‌లోని హైగేట్ శ్మశానవాటికలో అతని సమాధి ఉంది. గుడ్డ, దారం చుట్టిన ఆ ఇనుప వలయాన్ని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో భద్రపరిచారు.