గోడమీది సర్టిఫికెట్ వెనుక ఓ మాస్టారు

ఫార్మా యూనిట్‌కో, ఆటో విడిభాగాల కంపెనీకో ఉద్యోగానికి దరఖాస్తు చేస్తుంటే ఐఎస్‌వో 9001, ఐఎస్‌వో 14001 అనే పేర్లు మీకు తరచూ ఎదురవుతాయి. మొదటిది నాణ్యత నిర్వహణకు, రెండోది పర్యావరణ నిర్వహణకు. రెండింటికీ ఆయువుపట్టు ఒకటే... 'ప్లాన్, డూ, చెక్, యాక్ట్' అనే చక్రం. ఆ ఆలోచనను పరిశ్రమల్లోకి తీసుకెళ్లిన మాస్టారు ఎడ్వర్డ్స్ డెమింగ్. సొంత దేశం ఆయన్ని పట్టించుకునేసరికి వయసు 79 ఏళ్లు!

తారు కాగితం కప్పిన ఇల్లు

డెమింగ్ 1900 అక్టోబరు 14న అమెరికాలోని అయోవా రాష్ట్రంలో పుట్టారు. చిన్నతనంలోనే కుటుంబం వ్యోమింగ్ రాష్ట్రంలోని పావెల్ అనే ఊరికి మారింది. తారు కాగితం కప్పిన ఇంట్లో కొన్నేళ్లు గడిపారు. చిన్నాచితకా పనులు చేసుకుంటూ చదువుకున్నారు. 1921లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ డిగ్రీ, 1928లో యేల్ యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ సాధించారు.

మధ్యలో వేసవి సెలవుల్లో షికాగో దగ్గర టెలిఫోన్ పరికరాలు తయారుచేసే హాథార్న్ ఫ్యాక్టరీలో పనిచేశారు. ఒకరకంగా మీరు చేసే ఇంటర్న్‌షిప్ లాంటిదే. ముందు సరుకు తయారుచేయడం, చివర్లో తనిఖీ చేసి పనికిరానిది ఏరేయడం... అప్పటి ఫ్యాక్టరీల పద్ధతి ఇది. పీహెచ్‌డీ రోజుల్లోనే వ్యవసాయ శాఖలో ఉద్యోగంలో చేరారు. అక్కడ ఉండగా బెల్ ల్యాబ్స్‌కు చెందిన వాల్టర్ షూహార్ట్‌తో పరిచయమైంది. అదే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది.

షూహార్ట్ చెప్పింది తేలిగ్గా అర్థం కావాలంటే, మీ కాలేజీ బస్సును తీసుకోండి. రోజూ మూడు నాలుగు నిమిషాలు అటూ ఇటూ అవుతుంది. అది ఆ రూటు తీరే అంత. డ్రైవర్‌ని తిడితే మారదు. ఒకరోజు టైరు పేలి గంట లేటైందనుకోండి, దానికి ప్రత్యేక కారణం ఉంది, వెతికి సరిచేయాలి. ఈ రెండు తేడాలనూ విడదీసి చూపేదే 1924లో షూహార్ట్ రూపొందించిన కంట్రోల్ చార్ట్.

జపాన్ విన్నది

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఇంజినీర్లకు డెమింగ్ ఈ పద్ధతులు నేర్పారు. యుద్ధం ముగిసింది. ఏం తయారుచేసినా అమ్ముడుపోయే కాలం వచ్చింది. ఇక ఈ లెక్కలన్నీ ఎందుకనుకుని కంపెనీలు పక్కన పెట్టేశాయి.

1950లో జపాన్ శాస్త్రవేత్తలు, ఇంజినీర్ల సంఘం ఆయన్ని పాఠాలు చెప్పమని పిలిచింది. అప్పట్లో జపాన్ సరుకంటే చవకబారు అనే పేరు. ఇంజినీర్లకు చెప్తే సరిపోదు, కంపెనీ అధిపతులే వినాలి అన్నది డెమింగ్ పట్టుదల. వాళ్లూ వచ్చి కూర్చున్నారు. ఆ పాఠాలు పుస్తకంగా వస్తే, రాయల్టీని ఆయన సంఘానికే వదిలేశారు. దాంతోనే 1951లో డెమింగ్ ప్రైజ్ మొదలైంది. మన దేశంలో దీన్ని మొదట గెలిచింది చెన్నైకి చెందిన సుందరం క్లేటన్, 1998లో.

చక్రం ఆలోచనకు బీజం షూహార్ట్‌ది. జపాన్‌వాళ్లు దానికి ఇప్పుడున్న రూపమిచ్చారు. డెమింగ్‌కు మాత్రం 'చెక్' కంటే 'స్టడీ' అనే మాటే నచ్చేది. తప్పు పట్టుకోవడంతో ఆగకూడదు, ఎందుకు జరిగిందో తెలుసుకోవాలి అన్నదే తేడా.

80కి చేరువలో పిలుపు

1980 జూన్‌లో ఎన్‌బీసీ టీవీ, జపాన్ చేయగలిగింది అమెరికా ఎందుకు చేయలేకపోతోందంటూ ఓ డాక్యుమెంటరీ ప్రసారం చేసింది. అందులో డెమింగ్ కనిపించారు. వాషింగ్టన్‌లో ఇంటి నేలమాళిగనే ఆఫీసుగా వాడుకుంటున్న పెద్దాయన కోసం కంపెనీలు ఫోన్లు మొదలుపెట్టాయి. 1981లో ఫోర్డ్ ఆయన్ని పిలిపించుకుంది. ముందు యాజమాన్యం తీరు మారాలని అక్కడా అదే మాట చెప్పారు.

ఆయన సెమినార్లలో ఓ ఆట ఆడించేవారు. పెట్టెలో తెల్లపూసలు, వాటిలో ఐదో వంతు ఎర్రపూసలు. గుంటలున్న పలకతో కొందరు 'కార్మికులు' 50 పూసలు తీయాలి. ఎర్రవి వస్తే లోపం కింద లెక్క. తక్కువ వచ్చినవారికి మెచ్చుకోలు, ఎక్కువ వచ్చినవారికి చీవాట్లు. నిజానికి ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. లోపం పెట్టెలో ఉంది. పెట్టె మార్చాల్సింది యాజమాన్యం.

1993 డిసెంబరు 20న డెమింగ్ కన్నుమూశారు. ఐఎస్‌వో 9001 తొలిసారి 1987లో, 14001 ఆయన పోయాక 1996లో వచ్చాయి.

మీకు పనికొచ్చేదేంటి?

సర్టిఫికెట్‌ను ఐఎస్‌వో ఇవ్వదు. అది ప్రమాణం రాస్తుంది, అంతే. సర్టిఫికేషన్ సంస్థలు ఆడిట్ చేసి ఇస్తాయి. మన దేశంలో వాటికి గుర్తింపునిచ్చేది ఎన్‌ఏబీసీబీ. గడువు సాధారణంగా మూడేళ్లు, మధ్యలో ఏటా తనిఖీ ఉంటుంది.

ఇక్కడే అసలు చిక్కు. వ్యర్థజలాల శుద్ధి ప్లాంటులో రోజూ రాయాల్సిన రీడింగులను ఆడిట్‌కు ముందురోజు కూర్చుని ఒకేసారి నింపేశారనుకోండి. కాగితం బాగానే ఉంటుంది, వాగులోకి వెళ్లే నీళ్లు మాత్రం అలాగే ఉంటాయి. ఆ రిజిస్టర్ రేపు కొత్తగా చేరిన మీ చేతికే రావచ్చు.

క్వాలిటీ, పర్యావరణ విభాగాల్లో ఉద్యోగం కోరుకునేవారు ఇంటర్నల్ ఆడిటర్ కోర్సు చేయండి, మంచిదే. దానికంటే ముందు కంట్రోల్ చార్ట్ ఒకటి సొంతంగా గీయడం నేర్చుకోండి. బస్సు టైమింగులతోనైనా సరే. లోపం కనపడితే ఏం చేస్తావని ఇంటర్వ్యూలో అడిగితే చాలామంది బాధ్యుణ్ని పట్టుకుంటామంటారు. మీరు ముందు ఇది రోజూ జరిగేదా, ఈ ఒక్కసారేనా అని చూస్తామనండి. అడుగుతున్నవారికి పని తెలిసుంటే ఆ జవాబు విలువ వెంటనే అర్థమవుతుంది.