చేపల పడవ మీద కెమెరా

మా ఇంట్లో ఎండుచేపకి రెండు పేర్లు. నాన్న ఎండుచేప అంటారు, అమ్మ ఒడియాలో సుఖువా అంటుంది. నాన్న రాయగడ సంతలో, అప్పుడప్పుడు కోరాపుట్ వెళ్ళి అక్కడా అవే అమ్ముతారు. బళ్ళో నా సంచికి ఆ వాసన వస్తోందని పక్కనమ్మాయి జరిగి కూర్చునేది. అప్పట్నుంచి నాన్న ఏం చేస్తారని ఎవరడిగినా వ్యాపారం అని ఊరుకునేదాన్ని. అందుకే జాన్ గ్రియర్‌సన్ గురించి రాయాలనిపించింది.

ఆయన 1898లో స్కాట్లాండ్‌లోని డీన్‌స్టన్‌లో పుట్టారు. తండ్రి బడిపంతులు. మొదటి ప్రపంచ యుద్ధంలో, శత్రువులు సముద్రంలో పెట్టిన మైన్లను ఏరేసే ఓడల్లో పనిచేశారు. తర్వాత గ్లాస్గోలో చదివి, 1924లో అమెరికా వెళ్ళారు. పత్రికలూ సినిమాలూ జనం ఆలోచనని ఎలా మారుస్తాయో తెలుసుకోవాలన్నది ఆయన కోరిక. 1926లో ఫ్లాహర్టీ తీసిన మోనా సినిమా మీద న్యూయార్క్ పత్రికలో రాస్తూ డాక్యుమెంటరీ అనే మాట వాడారు. ఆ మాట తర్వాత లోకమంతా పాకింది.

లండన్ తిరిగొచ్చి ఎంపైర్ మార్కెటింగ్ బోర్డులో చేరారు. సినిమాకి డబ్బు మంజూరు చేయాల్సిన ఖజానా శాఖలో ఆర్థర్ శామ్యూల్ అనే పెద్దాయన ఉండేవారు. ఆయన హెర్రింగ్ చేపల మీద పుస్తకం రాసిన మనిషి. అందుకని హెర్రింగ్ వేట మీదే సినిమా తీస్తామన్నారు. తెలివంటే అదీ! అలా వచ్చింది డ్రిఫ్టర్స్.

అది మూకీ. పేరున్న నటులు లేరు, ప్రేమకథ లేదు. ఉత్తర సముద్రంలో జాలర్లు వల వెయ్యడం, గాలివానలో లాగడం, రేవుకొచ్చి వేలం వెయ్యడం, అంతే. ఆవిరి యంత్రం, అలలు, చేతులు ఒకదాని పక్కన ఒకటి అతికించి, చప్పుడు లేకుండానే లయ తెప్పించారు. నీళ్ళలోపలి చేపల్ని మాత్రం ప్లిమత్‌లో తొట్టిలో తీశారు. 1929 నవంబరు 10న లండన్‌లో బ్యాటిల్‌షిప్ పొటెమ్‌కిన్‌తో కలిపి ఆడించారు. అప్పటి ఇంగ్లీషు సినిమాల్లో పనివాళ్ళు ఎక్కువగా నవ్వించడానికే ఉండేవారు. ఇందులో వాళ్ళ పనే సినిమా.

తర్వాత ఆయన తీసినవి తక్కువ, తీయించినవి ఎక్కువ. 1939లో కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డుకి మొదటి అధిపతి అయ్యారు. చెల్లెలు రూబీ కూడా సినిమాలు తీసింది. 1940లో పిల్లల్ని కెనడాకి తీసుకెళ్తున్న ఓడని జర్మన్ జలాంతర్గామి ముంచేస్తే అందులో చనిపోయింది. ఆవిడ పేరు చాలామందికి తెలీదు, కనీసం మనమైనా గుర్తుపెట్టుకుందాం. గ్రియర్‌సన్ 1971లో కొన్ని నెలలు మన దేశంలోనూ ఉన్నారు. 1972లో బాత్ నగరంలో కన్నుమూశారు. అస్థికలు సముద్రంలోనే కలిపారు.

మొన్న సెలవుల్లో ఆ సినిమా సెల్‌ఫోన్‌లో ఇంట్లో చూపించాను. మధ్యలో వచ్చే ఇంగ్లీషు అక్షరాల్ని నాన్నకి తెలుగులో, అమ్మకి ఒడియాలో చెప్పాను. చేపల్ని పీపాలకెత్తే చోట నాన్న ఆపమన్నారు. వెనక్కి తిప్పించుకుని రెండుసార్లు చూశారు. ఏమీ అనలేదు.

ఇది గోడ మీద అందరూ చదువుతారని తెలిసే రాస్తున్నాను. మా నాన్న రాయగడ సంతలో ఎండుచేపలు అమ్ముతారు.