సమత్వరణ సూత్రం వెనుక ఒక జీవితం

సమత్వరణ చలనపు లెక్కలలో మనం సూత్రాన అంకెలు ప్రతిక్షేపించి జవాబు రాబడతాం. ఆ సూత్రం వెనుక గెలీలియో జీవితమున్నది.

ఆయన 1564లో ఇటలీలోని పీసా నగరంలో జన్మించాడు. బరువైన వస్తువే త్వరగా పడుతుందన్న అరిస్టాటిల్ అభిప్రాయమే నాటి పండితులకు ప్రమాణం. క్షణాలను కొలువగల గడియారాలు లేవు. గెలీలియో వాలుపలక గాడిలో కంచుగుండును దొర్లించి, ఆ వ్యవధిలో పాత్రనుండి కారిన నీటిని తూచి కాలాన్ని లెక్కించాడు. కాలం రెట్టింపైతే దూరం నాలుగింతలగునని నిరూపించాడు.

భూభ్రమణాన్ని సమర్థించినందుకు 1633లో రోమునందలి మతన్యాయస్థానం ఆయనను శిక్షించింది. గృహనిర్బంధంలోనే చలనశాస్త్ర గ్రంథాన్ని పూర్తిచేశాడు. అది 1638లో హాలెండులో వెలువడేనాటికి ఆయన చూపు కోల్పోయాడు. 1642లో కన్నుమూశాడు.

పటాన్‌చెరులో బస్సు కదిలి సంగారెడ్డి వైపు వేగం పుంజుకొనేటప్పుడు మనమూ కాలాన్నీ దూరాన్నీ కొలిచి చూద్దాం. కంఠస్థం చేసిన సూత్రం అప్పుడే మనదవుతుంది.