వివాహము మఱునాడు: కందుకూరి వీరేశలింగము పంతులుగారి జీవితము

కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1848వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీని రాజమహేంద్రవరమున జన్మించిరి. వారిని స్మరించువారు తఱచుగా 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీని చెప్పి ముగింతురు. మేము దాని మఱునాటిని గూర్చి యెక్కువగా చెప్పదలచితిమి.

పడుచుదనమున పంతులుగారు కేశవచంద్రసేనుని రచనలు చదివి మతవిషయమున క్రొత్తవెలుగు గాంచిరి. 1874లో వివేకవర్ధనిని స్థాపించిరి; ఆ యేటనే ధవళేశ్వరమున బాలికలకు పాఠశాల పెట్టిరి. 1879లో స్త్రీపునర్వివాహము శాస్త్రసమ్మతమని రాజమహేంద్రవరమున నుపన్యసించిరి. పండితులు ఖండించిరి, యువకులు మెచ్చిరి, ఊరంతయు నదియే ప్రసంగము. క్రొత్తమాటను వినుట విద్యావంతులకు వేడుక గదా. వినుటకు వ్యయమేమియు లేదు.

రెండేండ్లకు మాట కార్యమయ్యెను. తిరువూరు, గంపలగూడెముల గల యప్పటి కృష్ణామండలమునుండియే గౌరమ్మ యను బాలవితంతువు రాజమహేంద్రవరము చేరెను. గోగులపాటి శ్రీరాములుగారితో నామెకు పంతులుగారి యింట వివాహము జరిగెను. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. విద్యార్థులు బాసటగా నిలిచిరి. నాలుగు దినములలో రెండవ వివాహమును జరిగెను.

అంతట బహిష్కారము వచ్చెను. మొదట తోడు నిలిచినవారిలో పలువురు ప్రాయశ్చిత్తము చేసికొని తొలగిపోయిరి. వారిని నిందించుటకు మాకు నోరాడదు. ఇంట పెండ్లికెదిగిన కూతురును, పితరుల శ్రాద్ధమును గలవాడు పురోహితుడు గడప త్రొక్కననునప్పుడు ఏమి చేయునో, చదువరులారా, మనలో ప్రతివాడును తన యిల్లు తలచికొని చెప్పవలెను. వంటవారు మానిరి, నీళ్లు తెచ్చువారు మానిరి. పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరికి పోయి బిందెలతో నీళ్లు మోసి తెచ్చి, వచ్చినవారికందఱకును వండి పెట్టిరి. ఆమె యే సభలోను మాటలాడి కరతాళధ్వనులందుకొనలేదు. ఆ సంస్కారము నిలిచినది పంతులుగారి వాదమువలన నెంతయో యామె బిందెవలన నంతయు నని మా యభిప్రాయము.

ఇంతకంటె కఠినమైనది వెనుక వచ్చెను. పెండ్లియైన దంపతులను బంధువులు చేరనీయరు. వారికి బస చూపవలెను, జీవనము చూపవలెను, కలహించినప్పుడు సమాధానపఱుపవలెను. ధనాపేక్షచేతనే పెండ్లాడవచ్చిన వరులును గలరు. ఈ యాశాభంగములను పంతులుగారు స్వీయచరిత్రమున దాచక వ్రాసిరి. అభిప్రాయమునందలి నవ్యతయే యాయనను నడిపియుండినచో ఆ సంవత్సరములలోనే పని మూతపడియుండును. అట్లు కాలేదు. బడిలో పాఠము, అచ్చుకూటపు చిత్తులు దిద్దుట, ఒక విధవకు పుస్తకములు, ఒక దంపతులకు బియ్యము: ఇట్టి చిన్నపనులలో నాయన దినములు గడచెను. ఉత్సాహము వలె నివి మనస్సును మండింపవు. దినదినమును మరల నెదురుగా వచ్చి నిలుచును, చేసినకొలది చేయి మరగును. ఆయనకు తృప్తి యిచ్చినది యీ పనియే యని మాకు తోచుచున్నది.

తరువాత చెన్నపురియందును రాజమహేంద్రవరమునందును వితంతు శరణాలయములు నడపిరి. కవుల చరిత్రము, నవల, ప్రహసనములు, స్త్రీలకు పనికివచ్చు గ్రంథములు వ్రాసిరి. 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి తమ యాస్తిని దానికి సమర్పించిరి.

1910లో రాజ్యలక్ష్మమ్మగారు గతించిరి. పంతులుగారు పని మానలేదు. 1919వ సంవత్సరము మే 27వ తేదీని చెన్నపురిలో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి యింట దేహము చాలించిరి. అప్పటికి వారి వయస్సు 71 సంవత్సరములు, సంతానము లేదు.